అవ్వకు ఇష్టమైనది

పోయినేడు పెత్రమాసకు ముందు పదిహేను రోజుల్లో నేను నలభై ఒక్క మంది చనిపోయినవాళ్లకు కోటు తొడిగాను. నారాయణఖేడ్‌లో బస్టాండు దగ్గర మాది ఫోటో స్టూడియో. ఫ్లెక్సీలు కొడతాం, లామినేషన్ చేస్తాం. పెత్రమాస దగ్గర పడిందంటే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఆధార్ కార్డులు, పెళ్లిళ్లలో తీసుకున్న గుంపు ఫోటోలు పట్టుకుని వస్తారు. పెద్దలకు బియ్యమిచ్చే రోజు గోడ మీద పెద్దల ఫోటో ఉండాలి మరి. తలకు చుట్టిన తువ్వాల తీసేసి కోటు వేయమంటారు, మూసుకున్న కళ్లు తెరవమంటారు, పక్కనున్న పెళ్లికొడుకును తీసేసి వెనక నీలం ఆకాశం పెట్టమంటారు. నా కంప్యూటర్లో ఉన్నది ఒకటే కోటు. కంగ్టి నుంచి కల్హేర్ దాకా గోడల మీదున్న పెద్దమనుషుల్లో సగం మంది ఆ కోటులోనే ఉన్నారు. ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు.

మా ఇంట్లో మాత్రం పెత్రమాస లేదు. మేం లింగాయతులం, నీసు ముట్టం. మా ఇళ్లలో కన్నడం కాబట్టి నాన్నను అప్ప అంటాం, అమ్మను అవ్వ అంటాం. పోయినవాళ్లు లింగంలో కలిసిపోతారని, వాళ్లకిక ఆకలిదప్పులు ఉండవని, వాళ్ల పేరు చెప్పి బియ్యమివ్వడం, కాకికి ముద్ద పెట్టడం మన పద్ధతి కాదని మా అప్ప శివలింగప్ప అంటాడు. మావాళ్లలోనే పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన పెట్టనివ్వడు. మఠం పెద్దల్లో ఆయన ఒకడు. డెబ్బై ఆరేళ్లొచ్చినా నుదుట విభూతి లేకుండా గడప దాటడు.

అవ్వ భాగమ్మ ఆ ఏడు ఉగాది వెళ్లిన వారానికి పోయింది. మా పద్ధతి ప్రకారం కూర్చోబెట్టి సమాధి చేశాం. మూడో రోజుకే అప్ప చేనుకు వెళ్లిపోయాడు. గోడ మీద ఫోటో కూడా వద్దన్నాడు. ఊరందరి తల్లులకు దండలు వేసే నేను మా అవ్వ ఫోటోను ఫోన్లోనే ఉంచుకున్నాను. ఆయనతో వాదించే ఓపిక నాకు చిన్నప్పటి నుంచీ లేదు.

పెత్రమాస నాడు పక్కింటి హన్మయ్య డాబా మీద విస్తరాకు పరిచి, వాళ్ల నాయన పేరు చెప్పుకుంటూ కాకుల్ని పిలిచాడు. అన్నం, గారెలు, పక్కన ఒక బీడీ కట్ట. వాళ్ల నాయనకు బీడీ లేనిదే ముద్ద దిగేది కాదట. మా అమ్మాయి నేహ తొమ్మిదో తరగతి. మా డాబా మీద నుంచి అదంతా చూసి కిందికొచ్చి, అజ్జికి మనమేం పెడుతున్నామని అడిగింది. నానమ్మను అది అజ్జి అనేది, తాతను అజ్జా అంటుంది. అప్ప చదువుతున్న పేపరు మడిచి బయటికి వెళ్లిపోయాడు. మాట అక్కడితో ఆగింది.

మళ్లీ మొదలుపెట్టింది సంతోషి టీచరు. దసరా సెలవుల తర్వాత బళ్లో సాంఘికశాస్త్రం ప్రదర్శన పెడుతున్నానని, లోకంలో ఎవరెవరు పోయినవాళ్లను ఎలా తలుచుకుంటారో చూపించాలని పిల్లలకు తలా ఒక దేశం పంచింది. నేహకు మెక్సికో వచ్చింది. ఇక మా ఇంట్లో పొద్దున లేస్తే మెక్సికోనే. అక్కడ నవంబరు ఒకటిన చనిపోయిన పిల్లలు, రెండున పెద్దలు ఇంటికి వస్తారట. వాళ్ల కోసం ఇంట్లో మెట్లు మెట్లుగా బల్ల కట్టి ఫోటోలు పెడతారట. దూరం నుంచి వచ్చి దప్పికతో ఉంటారని గ్లాసుతో నీళ్లు, ఒక పళ్లెంలో ఉప్పు, సాంబ్రాణి లాంటి ధూపం, చక్కెరతో చేసిన పుర్రెలు. దారి తప్పకుండా వాకిలి నుంచి బల్ల దాకా బంతిపూల రెక్కలు చల్లుతారట. బంతి మన పువ్వు కదా, వాళ్లకెక్కడిదని అప్ప అడిగాడు. మన దగ్గరికే అక్కడి నుంచి వచ్చిందని నేహ చెప్పింది. ఆయన నమ్మలేదు. బంతిపువ్వు బయటి నుంచి వచ్చిందంటే ఆయన లెక్కలో బతుకమ్మ కూడా బయటి నుంచి వచ్చినట్టే.

ప్రదర్శనలో ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో పోయినవాళ్ల ఫోటోతోనే బల్ల కట్టాలని టీచరు నియమం పెట్టింది. నేహ అజ్జిని ఎంచుకుంది. అప్ప ఏమంటాడోనని భయపడ్డాను. బళ్లో ఆట కదా, ఏమన్నా పెట్టుకోనీ అన్నాడు. అసలు చిక్కు తర్వాత వచ్చింది. బల్ల మీద పోయినవాళ్లకు ఇష్టమైన తిండి పెట్టాలి. ఒకరోజు అన్నాల దగ్గర నేహ నోటుబుక్కు తెరిచి, అజ్జికి ఏది ఇష్టమని అడిగింది.

పోలెలు అన్నాను. నా భార్య దాక్షాయణి రొట్టె వేస్తున్నది వేస్తున్నట్టే, "పోలెలు మీకిష్టం. అత్తమ్మ తీపి ముట్టకపోయేది" అంది. సరే, జొన్నరొట్టె రాసుకో అన్నాను. రోజూ తినేది ఇష్టమెలా అవుతుందని నేహ ఒప్పుకోలేదు. పద్దెనిమిదేళ్లు ఒకే వంటింట్లో ఉన్నావు కదా, నీకు తెలియదా అని దాక్షాయణిని అడిగాను. అవ్వ తనను ముందు తినేసి పొమ్మనేదని, తర్వాత ఆమె ఒక్కతే కూర్చునేదని, ఏం తిన్నదో ఒక్కనాడూ చూడలేదని చెప్పింది. చెబుతూ చెబుతూ పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయింది.

అప్ప చెయ్యి కడుక్కుంటూ, "ఆమెకు గట్లేం లేకుండె. ఏం వెడితే అది తినేది" అన్నాడు.

"ఎవరు వెట్టేది మామా ఆమెకు?" అంది దాక్షాయణి. దెప్పుతున్నట్టు అనలేదు. నిజంగా గుర్తు చేసుకోవడానికే అడిగింది. ఎవరికీ గుర్తు రాలేదు. నలభై నాలుగేళ్లు ఆమె చేతి అన్నం తిన్నవాణ్ని, నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి మెక్సికో వాళ్లకు పనీపాటా లేదా అని నేహ మీద విసుక్కున్నాను.

ప్రదర్శనకు ఇంకో పని కూడా ఉంది. మెక్సికో పద్ధతిని మన ఊరి పద్ధతులతో పోల్చి రాయాలి. నేహ హన్మయ్యను అడిగి కాకుల సంగతి రాసుకుంది. అప్పను అడిగి లింగంలో కలవడం గురించి రాసుకుంది. తర్వాత గ్రేసమ్మ దగ్గరికి వెళ్లింది. గ్రేసమ్మ నలభై ఏళ్లుగా మా చేలో పని చేస్తోంది. కలుపు తీసినా, పత్తి ఏరినా మడికి ఈ చివర ఆమె, ఆ చివర అవ్వ ఉండేవాళ్లు. వాళ్లు మెథడిస్టు చర్చివాళ్లు. వాళ్లకు నవంబరు రెండున సమాధుల పండుగ. ఆమెకు మా ఇంట్లో వేరే గ్లాసు ఉంది. కొట్టంలో గూట్లో బోర్లించి ఉంటుంది. అక్కడ ఎవరు పెట్టారో తెలియదు. తీసినవాళ్లు మాత్రం లేరు, నాతో సహా.

ప్రదర్శన రేపనగా నేహ బోర్డు మీద రాయాల్సినదంతా నా ఫోనుకు పంపించింది. స్టూడియోలో కూర్చుని అక్షరాలు సర్దుతున్నాను. చివరి వరుస దగ్గర చెయ్యి ఆగింది. "మా అజ్జి భాగమ్మకు అన్నిటికన్నా ఇష్టమైనది: గ్రేసమ్మ చేసిన ఎండురొయ్యల తొక్కు."

నేహను దుకాణానికి పిలిపించాను. ఇదెక్కడి పిచ్చి రాత అని అడిగాను. అది భయపడకుండా చెప్పింది. గ్రేసమ్మ మొదట చెప్పనందట. మీ ఇంట్లో అడుగు బిడ్డా అందట. ఇంట్లో ఎవరికీ తెలియదని నేహ అంటే అప్పుడు చెప్పిందట. మధ్యాహ్నం చేను గట్టు మీద గ్రేసమ్మ సద్ది విప్పితే అవ్వ పక్కన కూర్చునేదట. మెడలో ఇష్టలింగం ఉండే లింగకాయను భుజం మీదుగా వెనక్కి, వీపు మీదికి వేసుకునేదట. "దేవుడు గటు దిక్కు జూస్తడు తియ్" అనేదట. సగం తొక్కు గ్రేసమ్మది, సగం అవ్వది. తిన్నాక బోరు దగ్గర నోరు పుక్కిలించి, గట్టు మీది నిమ్మచెట్టు ఆకు ఒకటి నమిలి ఇంటికి వచ్చేదట.

అబద్ధమని గదమాయించడానికి నోరు తెరిచాను. నిమ్మాకు అన్న మాట అడ్డం పడింది. అవ్వ చేను నుంచి వచ్చి నన్ను దగ్గరికి తీసుకుంటే నిమ్మాకు వాసన వచ్చేది. చిన్నప్పుడు నేను దాన్ని చేను వాసన అనుకునేవాణ్ని. పెద్దయ్యాక కూడా అలాగే అనుకున్నాను.

నేహను ఇంటికి పంపేశాను. పంపేసి, ఆ వరుస చెరిపి "జొన్నరొట్టె, నువ్వుల పొడి" అని కొట్టాను. ప్రదర్శనకు సగం ఖేడ్ వస్తుంది. మఠం వాళ్లు వస్తారు. భాగమ్మ మెడలో లింగకాయతో నీసు తిన్నదని బోర్డు మీద చదివితే అప్ప ఇక ఏ ముఖం పెట్టుకుని వాళ్లలో కూర్చుంటాడు? అవ్వ పోయాక ఆయనకు మిగిలింది ఆ మఠం ఒక్కటే. ఈ మాటలన్నీ నాకు నేను చెప్పుకున్నాను. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ప్రింటు బయటికి వస్తుంటే, నలభై రెండో కోటు మా అవ్వకు తొడిగానని నాకు తెలుసు.

మర్నాడు అప్పను బండి మీద బడికి తీసుకెళ్లాను. తెల్లటి ధోవతి కట్టుకుని, విభూతి ఒకటికి రెండుసార్లు దిద్దుకుని వచ్చాడు. ఒక హాలు నిండా బల్లలు. ఏ బల్ల మీద చూసినా ఎవరో ఒకరి తాత, ఎవరో ఒకరి నానమ్మ. కోట్లలో ఉన్న నలుగురిని నేను గుర్తుపట్టాను. మెక్సికో బల్ల కిటికీ పక్కన ఉంది. మూడు మెట్లు, చుట్టూ బంతిపూలు, అట్టతో చేసి రంగులేసిన పుర్రెలు, నీళ్ల గ్లాసు, పై మెట్టు మీద అవ్వ. ఫోన్లోంచి ఆ ఫోటో నేహ ఎప్పుడు తీసుకుందో నాకు తెలియదు. అవ్వ దానిలో చేలో నిలబడి, ఎండకు ఒక కన్ను సగం మూసుకుని నవ్వుతోంది. ఆ కన్ను నేను సరిచేసి ఉండేవాణ్ని.

బోర్డు అడుగున, నేను కొట్టిన వరుస మీద తెల్లకాగితం అంటించి ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో నేహ చేతిరాత. నేను చెరిపింది అక్షరం పొల్లుపోకుండా మళ్లీ అక్కడ ఉంది.

అప్ప అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చదివాడు. మెక్సికో చదివాడు, హన్మయ్య కాకులు చదివాడు, తాను చెప్పింది చదివి తల ఆడించాడు. చివరి వరుస దగ్గర ఆగాడు. ఆయన వెనక ఇద్దరు మఠం వాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లూ చదివారు. ఒకాయన దగ్గాడు. ఇంటికెళ్లాక ఈ పిల్లను ఏమంటాడోనని నేహ ముఖం వైపు చూశాను. అది కదలకుండా తాత వైపే చూస్తోంది.

"గిది ఎవరు జెప్పిన్రు?" అన్నాడు అప్ప.

"గ్రేసమ్మ."

ఆయన అవ్వ ఫోటో వైపు చూశాడు. తర్వాత పళ్లెం వైపు చూశాడు. పళ్లెంలో రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ ఉన్నాయి.

"రాసినవ్. మరి పెట్టలేదు?"

"మనింట్ల ఎవరు వండుతరు అజ్జా?" అంది నేహ.

ఆయన అద్దాలు తీసి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మఠానికి వెళ్లలేదు. వాళ్లు కబురు పంపితే ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాడు. దాక్షాయణి నన్ను పక్కకు పిలిచి, ఆయన ఇక కోలుకోడేమోనని ఏడ్చింది. అందుకు కారణం నువ్వేనని నేహను తిట్టబోయి ఆగాను. ఆ వరుస నేను చెరపకుండా ఉండి ఉంటే ముందే ఆయన చెవిన వేసి ఉండేవాణ్నేమో, అంతమంది మధ్య చదవాల్సి వచ్చేది కాదేమో అనిపించింది.

రెండు రోజులకు బండి తియ్యమన్నాడు. కల్హేర్ సంతకు పోవాలన్నాడు. ఖేడ్‌లో దొరకనిది కల్హేర్‌లో ఏముందో అడగలేదు. సంతలో కూరగాయలు దాటాం, బట్టలు దాటాం, మిరపకాయల రాసులు దాటాం. ఒక చివర గోనెపట్టాలు పరిచి ఎండుచేపలు అమ్మేవాళ్లు కూర్చుని ఉన్నారు. అటునుంచి గాలి వస్తేనే ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకునే మనిషి తువ్వాల దించి వెళ్లి ఒకామె ముందు నిలబడ్డాడు. నేను బండి పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

"రొయ్యలు ఏవి గిండ్ల?" అన్నాడు.

ఆమె ఆయన విభూతి వైపు, మెడలోని లింగకాయ వైపు చూసింది. "ఎవరికి పెద్దాయినా?" అంది.

"మా ఇంటామెకు."

ఆమె పొట్లం కట్టింది. ఆయన దాన్ని తువ్వాలలో చుట్టి, తిరిగి వచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకున్నాడు. కంపు కొడుతోందని అనలేదు.

బండి నేరుగా గ్రేసమ్మ ఇంటి ముందు ఆపించాడు. ఆమె గడపలో కూర్చుని రేపటి సమాధుల పండుగకు బంతిపూలు గుచ్చుతోంది. మమ్మల్ని చూసి లేచి, కొంగు సర్దుకుని, భయంగా నిలబడింది. బోర్డు సంగతి అప్పటికే ఊరంతా పాకింది. అప్ప పొట్లం ముందుకు పట్టి, వండి భాగమ్మకు పెట్టమన్నాడు.

గ్రేసమ్మ చెయ్యి చాచలేదు. "మా తాన సచ్చినోళ్లకు బువ్వ వెట్టం పటేలా. వాళ్లు ప్రభువు తాన ఉంటరు, ఆకలుండది. సున్నం గొడ్తం, కొవ్వొత్తులు ముట్టిస్తం, ప్రార్థన జేస్తం, గంతే."

"మా తాన గూడ వెట్టం" అన్నాడు అప్ప.

గ్రేసమ్మ పొట్లం తీసుకుని లోపలికి వెళ్లింది.

సమాధుల పండుగకు నేను ఏటా కెమెరా పట్టుకుని వెళ్తాను. బొంబాయికి, హైదరాబాదుకు పనికెళ్లిన వాళ్లంతా ఆ రోజు వచ్చి, సున్నం వేసిన సమాధుల దగ్గర ఇంటిల్లిపాదీ ఫోటో దిగుతారు. ఆ ఆదివారం అప్ప కూడా నా వెంట వచ్చాడు. పాస్టరు ప్రార్థన అయ్యేదాకా గేటు బయట నిలబడ్డాడు. జనం పలచబడ్డాక లోపలికి వచ్చాడు. గ్రేసమ్మ తన భర్త ఈరయ్య సమాధి మీద పూలు సర్ది, కొవ్వొత్తులు వెలిగించి, ప్రహరీ పక్కన గట్టు మీద కూర్చుంది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. మూత తీయగానే ఘాటు నా దాకా వచ్చింది. రొట్టె తుంచి తొక్కులో అద్దుకుని తినడం మొదలుపెట్టింది. అప్ప నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాడు. నేను చూస్తుండగా ఆయన ఇంకొకరు తినడాన్ని అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"సగం నాది, సగం ఆమెది ఉంటుండె" అంది గ్రేసమ్మ, తల ఎత్తకుండా. "ఇయ్యాల రెండు సగాలు నేనే తింటున్న."

"కారం తినేదా?" అన్నాడు అప్ప.

"మస్తు తినేది. కండ్లల్ల నీళ్లు గారంగ తినేది. ఇంకింత ఎయ్యరాదే అని కొట్లాడేది."

అప్పకు పెళ్లినాటికే కడుపులో పుండు. డాక్టరు వద్దన్నాడని ఆ రోజు నుంచి మా ఇంట్లో కూరలకు కారం లేదు. చప్పటి కూర మా ఇంటి పద్ధతి అని మేమంతా అనుకుంటూ పెరిగాం. ఆయన కోసం యాభై రెండేళ్లు ఆమె కూడా చప్పగానే తిన్నదని ఆ నిమిషం దాకా మాలో ఎవరికీ తట్టలేదు. అప్ప ఈరయ్య సమాధి మీది కొవ్వొత్తుల వైపు తిరిగాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ కలిగింది. నా మీద అయితే కోపం ఒక్కటే.

గ్రేసమ్మ చివరి ముక్కతో డబ్బా అడుగు తుడిచి నోట్లో వేసుకుంది. చెయ్యి కడుక్కోవడానికి సీసా కోసం వెతుకుతోంది. అప్ప వంగి ఆ సీసా తీశాడు, మూత తిప్పాడు. ఆమె వద్దు పటేలా అంది. ఆయన వినలేదు. ఆమె చేతుల మీద నీళ్లు పోశాడు. ఆమె ముందు ఒక చెయ్యి, తర్వాత రెండు చేతులూ పట్టి కడుక్కుంది.

"ఇంకేం ఇష్టముండె ఆమెకు?" అన్నాడు.

గ్రేసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆయన వైపు చూసింది. గట్టు మీద కొంచెం పక్కకు జరిగింది.

"శాన ఉన్నయ్ పటేలా. కూసో."

అప్ప కూర్చున్నాడు.